మామయ్యగారు తోమిన నల్ల కారు

ఆ రోజుల్లో నన్ను హడలగొట్టడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. పెళ్ళయి అమెరికా వచ్చి, శాన్ రామన్‌లో కాపురం పెట్టిన కొత్త. ఫోన్ మోగితే గుండె జల్లుమనేది, ఎవరైనా తలుపు తడితే ఉలిక్కిపడేదాన్ని, ఆఫీసులో మేనేజర్ 'క్విక్ కాల్ చేద్దామా' అని మెసేజ్ పెడితే ఆ కాల్ పూర్తయ్యేదాకా గొంతులో మంచినీళ్ళు దిగేవి కావు (తీరా చూస్తే నా పేరు ఎలా పలకాలో మరోసారి చెప్పించుకోవడానికి చేసేవాడు పాపం). వయసు పెరిగేకొద్దీ ధైర్యం వస్తుందంటారు గానీ, నా మటుకు నాకు ధైర్యమేమీ రాలేదు, హడలిపోయే ఓపిక తగ్గింది, అంతే. అయితే ఆనాటి భయాలన్నిటిలోకీ న్యాయమైనది, ఇప్పటికీ తలుచుకుంటే అరచేతులు చల్లబడేది ఒకటుంది. అది మా మామయ్యగారు నల్ల కారు తోమిన రోజుది.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. మా ఆయన మెతక మనిషి. కూరలో ఉప్పు వేయడం మర్చిపోతే తనే లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చుకునే రకం. అలాంటి మనిషికి లోకంలో ఉన్న ఒకే ఒక్క చాదస్తం ఆ నల్ల కారు. ఎక్కడికి వెళ్ళినా పార్కింగ్ లాట్‌లో అన్నిటికన్నా దూరపు మూల వెతికి అక్కడ ఆపేవాడు, పక్క కారు తలుపు దీనికి తగలకూడదని. అక్కడినుంచి షాపు దాకా నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎండలో నడవాలి. మాకు గరాజ్ ఉంది గానీ, అందులో మా కొత్త కాపురం తాలూకు అట్టపెట్టెలు కాపురం పెట్టాయి. అందుచేత కారు ఎప్పుడూ ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే ఉండేది. పొద్దున్నే కాఫీ కప్పుతో బయటికి వెళ్ళి దాన్నొకసారి చూసొచ్చాకే మా ఆయన నాకు గుడ్ మార్నింగ్ చెప్పేవాడు.

ఇక మామయ్యగారు. ఆయన ఒంగోల్లో హైస్కూల్ డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా ఆడపడుచు పురిటికని అత్తయ్యగారితో పాటు ఆమె ఉండే అరోరా వచ్చి, పసిపిల్ల పుట్టాక, 'ఆడవాళ్ళ మధ్య ఇక్కడ నాకేం పని' అని మా దగ్గరికి బయల్దేరి వచ్చేశారు. ఆరడుగుల మనిషి, నిటారుగా నడక, తెల్లటి బనీను, పొద్దున్నే వెనక పెరట్లో దండీలు. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేనూ, మా ఆయనా తెలియకుండానే వీపు నిటారుగా పెట్టి కూర్చునేవాళ్ళం. నాకూ ఆయనకూ మధ్య నడిచే మాటలు చాలా తక్కువ. కాఫీ ఇమ్మంటారా, భోజనానికి లేస్తారా, పడుకుంటారా. అవి కూడా నేను మా కరీంనగర్ మాటను పెట్టెలో పెట్టి తాళం వేసి, వార్తలు చదివే అమ్మాయిలా అప్పజెప్పేదాన్ని. ఆయన 'ఆఁ' అనేవారు. అదే మా సంభాషణ.

ఒక సోమవారం మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళాడు, శనివారానికి గానీ రాడు. క్లయింట్ ముందు రోజూ ఏదో ఒక ప్రెజెంటేషన్, ప్రాజెక్టు తన చేతికి వచ్చేదీ రానిదీ ఆ వారమే తేలుతుందని ముందునుంచీ గోల. ఎయిర్‌పోర్ట్‌కి క్యాబ్ ఎక్కుతూ నాకు కారు గురించి జాగ్రత్తలు చెప్పాడు. దాన్ని ముట్టుకోవద్దు, ఎవరినీ ముట్టుకోనివ్వద్దు, పిట్టల రెట్ట పడితే మాత్రం ఎండిపోకముందే తీసేయాలి, తడిగుడ్డ వేసి నానబెట్టి నెమ్మదిగా ఎత్తాలి, వదిలేస్తే రంగు తినేస్తుంది. అరుగు మీద పేపరు చదువుకుంటున్న మామయ్యగారి చెవిన ఇందులో ఏ ముక్క పడిందో, ఏ ముక్క పడలేదో మర్నాడు తెలిసింది.

మర్నాడు నేను ఇంటినుంచే పని చేస్తున్నాను. మీటింగ్ ముగించుకుని కాఫీ ఇద్దామని బయటికి వస్తే, మామయ్యగారు లుంగీ పైకి మడిచి కట్టి, బకెట్ పక్కన పెట్టుకుని, గర్వంగా నిలబడి ఉన్నారు. రెట్టలు పడ్డాయట. అబ్బాయి తీసేయమన్నాడు కదా, ఎలాగూ నీళ్ళు తెచ్చాను, మొత్తం కడిగేశానమ్మా అన్నారు. ఇంటి నీడలో తడి తడిగా ఉన్న కారు నిజంగానే నిగనిగలాడుతోంది. నేను హమ్మయ్య అనుకుని కాఫీ అందించబోతుంటే ఆయన చేతిలో ఉన్నది కనబడింది. మా వంటింటి సింకు దగ్గర ఉండే స్పాంజి. ఒకవైపు పసుపు, ఇంకోవైపు పచ్చ. ఇడ్లీ పాత్రకు అడుగంటితే నేను వాడే ఆ గరుకు పచ్చ వైపు, సగానికి అరిగిపోయి ఉంది.

అరగడం చూసి, అందించబోయిన కాఫీ కప్పు వెనక్కి తీసుకున్నాను. అంతలో ఎండ ఇంటి కప్పు దాటి కారు మీదికి వచ్చింది. నీళ్ళు ఆరుతున్నకొద్దీ ఆ నల్లటి నలుపు మీద తెల్లగా గీతలు లేచాయి. ఒకటీ రెండూ కాదు, హుడ్ (మామయ్యగారి భాషలో బానెట్) నిండా, తలుపుల నిండా, డిక్కీ నిండా. ఎవరో రాత్రంతా కూర్చుని బియ్యప్పిండితో కారంతటికీ ముగ్గు పెట్టినట్టుంది. అందులోనూ డ్రిల్ మాస్టారు తోమారు కదా, ఒక్క గీత కూడా లైను తప్పలేదు. అన్నీ బారులు తీరి ఎడమ నుంచి కుడికి కవాతు చేస్తున్నాయి. నా నోట్లోంచి, నాకు తెలియకుండానే, పెట్టె తాళం బద్దలుకొట్టుకుని మాట బయటపడింది.

"గిదేంది మామయ్యా, గిన్నెలు తోమేదాంతోని కారు తోమిన్రా?"

గారు లేదు, మర్యాద లేదు, వార్తలు చదివే అమ్మాయి అంతకన్నా లేదు. ఆ మాట అన్నందుకు భయపడాలా, కారు చూసి భయపడాలా తేల్చుకోలేక కాఫీ కప్పుతో అలాగే నిలబడిపోయాను. ఆయనకు నా మాట అర్థం కాలేదు, ఏమైందమ్మా అని అడుగుతున్నారు. ఆయన నిలబడ్డ వైపు నీడ, అటునుంచి చూస్తే అంతా బాగానే ఉంది మరి. నేను మోచెయ్యి పట్టుకుని (పెళ్ళిలో కాళ్ళకు దండం పెట్టినప్పుడు తప్ప ఆయన్ను తాకింది అదే మొదటిసారి) ఎండ వైపు తీసుకొచ్చి నిలబెట్టాను. ఆయన వంగి చూశారు. కళ్ళజోడు తీసి బనీనుకు తుడుచుకుని మళ్ళీ చూశారు. వేలితో రాసి చూశారు. తర్వాత ఆ నిటారు మనిషి నెమ్మదిగా వెళ్ళి మెట్టు మీద కూలబడ్డారు.

"గట్టిగా తోమితేనే శుభ్రమవుద్ది అనుకున్నా," అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు. అబ్బాయికి ఫోన్ చేసి చెప్పేస్తానన్నారు. అక్కడ ప్రెజెంటేషన్ మధ్యలో ఉన్న మనిషికి ఈ వార్త చెబితే ప్రాజెక్టు మాట అటుంచి, తిరుగు విమానం ఎక్కేస్తాడని నా భయం. వద్దని బతిమాలాను. అప్పుడాయన గోడ వైపు చూస్తూ, నాతో చెబుతున్నట్టు కాకుండా, ఒక సంగతి చెప్పారు. మా ఆయన ఎనిమిదో క్లాసులో ఉండగా కొత్త సైకిలు కొనిచ్చారట. కొన్న వారంలోనే దానికి పొడవాటి గీత పడింది. వస్తువు విలువ తెలియనివాడికి వస్తువెందుకని ఆ సైకిలుకు గొలుసు కట్టి తాళం వేసి, వేసవి సెలవులన్నీ ముట్టుకోనివ్వలేదట. 'వాడు ఏడవలేదమ్మా, రోజూ దాని పక్కన కూర్చుని లేచిపోయేవాడు' అన్నారు. తర్వాత, "ఇప్పుడు వాడి ముందు నేనెట్టా నిలబడేది?" అన్నారు.

మా ఇంట్లో ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. కారు చూసినప్పటికన్నా ఆ గొంతు విన్నప్పుడు నాకు ఎక్కువ భయమేసింది.

ఇక దిక్కు ఒక్కడే. మా వెనక వీధిలో మా ఆయన స్నేహితుడొకడు ఉండేవాడు, శాంటా క్లారాలో ఏదో చిప్పుల కంపెనీలో ఇంజినీరు. మేమంతా అతన్ని టార్చిలైటు అనేవాళ్ళం. ఎవరింటికి భోజనానికి వచ్చినా ముందు జేబులోంచి చిన్న టార్చి తీసి వాళ్ళ కారు మీద వేసి, 'చూశారా, ఎన్ని సుడి గీతలో' అని చూపించి, వాళ్ళ ఆకలి చంపేవాడు. అతనికి కార్లకు పాలిష్ పెట్టడం పిచ్చి. సాయంత్రం ఆఫీసునుంచి వస్తూనే మా డ్రైవ్‌వేలో ఆగాడు. టార్చి వేశాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఐసీయూలోంచి బయటికొచ్చిన డాక్టరులా మా ఇద్దరి వంకా చూసి, ఇది ఎవరు చేశారని అడగకుండా, దేనితో చేశారని మాత్రం అడిగాడు. నేను స్పాంజి చూపించాను. అతను దాన్ని చేత్తో తాకలేదు.

అప్పుడు అతని నోటినుంచి ఇంకో సంగతి బయటపడింది. బారులు తీరిన తిన్నని గీతలు మాత్రమే ఇవాళ్టివట. వాటి కింద గుండ్రంగా సాలెగూడులా ఉన్న సన్నని గీతలు పాతవట. వాటిని మా ఆయనకు చాలాసార్లు చూపించాడట, బ్రష్షులు తిరిగే కార్ వాష్‌కి తీసుకెళ్ళొద్దని మొత్తుకున్నాడట. ఎండలో నన్ను అంతేసి దూరం నడిపించిన మనిషి, పని ఎగ్గొట్టడానికి కారును బ్రష్షుల కింద పెట్టేవాడని తెలిసి నేను నోరు తెరిచాను. ఈ మాటతో మామయ్యగారి మనసు కాస్త తేలికపడుతుందనుకున్నాను. ఆయన మళ్ళీ కారు మీదికి వంగి చూసి, "అయితే బాబూ, గుండ్రటివి వాడివి, తిన్ననివి నావి. నావి వరకూ తీసెయ్యొచ్చా?" అని అడిగారు. టార్చిలైటు ఎంతో మర్యాదగా, అలా విడదీసి తీయడం కుదరదు అంకుల్, తీస్తే అందరివీ పోతాయి అన్నాడు.

అతను ఇంటికెళ్ళి ఒక సంచీ తెచ్చి గరాజ్‌లో పెట్టాడు. అందులో ఒక పాలిషింగ్ మెషిన్, రంగురంగుల ఫోము ప్యాడ్‌లు, రెండు సీసాలు. మర్నాడు సాయంత్రం వచ్చి దగ్గరుండి చూపిస్తాననీ, అప్పటిదాకా ఆన్ చేయొద్దనీ చెప్పి వెళ్ళాడు. డ్రిల్ మాస్టారుకి ఆర్డర్ ఇచ్చే అలవాటే గానీ తీసుకునే అలవాటు లేదని పాపం అతనికేం తెలుసు. పొద్దున్నే నేను లేచేసరికి అట్టపెట్టెలన్నీ ఒక గోడకు వరసగా పేర్చి ఉన్నాయి, కారు ఎలాగో తోసుకుని గరాజ్‌లోకి తెచ్చి ఉంది (ఎలా తోశారని నేను అడగలేదు, అడిగితే ఇంకో హడలు), మామయ్యగారు మెషిన్ చేతబట్టుకుని నాకోసం ఎదురుచూస్తున్నారు. ప్యాడ్‌లలో అన్నిటికన్నా గరుకైనది ఎంచి తగిలించారు. పెద్ద గీతలకు పెద్ద వైద్యమే కావాలని ఆయన లెక్క. సీసాలోంచి గీతల్ని అరగదీసే కాంపౌండ్, గడ్డపెరుగులాంటి తెల్లటిది, ప్యాడ్ నిండా పెట్టి, గాల్లోనే ఆన్ చేశారు.

తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది గానీ జరగడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. పచ్చడి రుబ్బుతూ మిక్సీ మూత మర్చిపోయిన అనుభవం ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. గోడలు, అట్టపెట్టెలు, గరాజ్ కప్పు, ఆయన కళ్ళజోడు, నా ముఖం, నా కుర్తీ, అన్నిటిమీదా తెల్లటి చుక్కలు. మెషిన్‌ను ముందు కారుకు ఆనించి ఆ తర్వాత ఆన్ చేయాలన్న చిన్న సంగతి మా ఇద్దరికీ అప్పుడు అర్థమైంది. ఆయన స్విచ్ కట్టేసి, కళ్ళజోడు తీసి, రెండు కళ్ళు మాత్రమే శుభ్రంగా ఉన్న ముఖంతో నావంక చూశారు. నాకు నవ్వొచ్చింది. మామగారి ముఖం మీద నవ్వడం మహాపరాధమన్న భయం, నవ్వు, రెండూ ఒకేసారి గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. అదే సమయానికి ఫోన్ గంట కొట్టింది. మీటింగ్. పరిగెత్తుకెళ్ళి కూర్చుని, అలవాటుగా కెమెరా ఆన్ చేసేశాను. స్క్రీన్ మీద చిన్న పెట్టెలో మశూచి వచ్చిన మనిషిలా నేనే కనబడేసరికి నాకే కెవ్వుమనాలనిపించింది. మేనేజర్ ఎంతో నెమ్మదిగా, ఆరోగ్యం బాగుందా, కావాలంటే సెలవు తీసుకో అన్నాడు. నేను మొహమాటపడకుండా తీసుకున్నాను.

సెలవు పెట్టి గరాజ్‌కి తిరిగొచ్చేసరికి మామయ్యగారు హుడ్ సగం ముగించారు. ఒళ్ళంతా చెమట, ముఖంలో వెలుగు. గరాజ్ లైటు కింద గీత ఒక్కటి లేదు, అంతా తళతళ. ఇద్దరం కలిసి సంతోషంగా కారును వెనక్కి, బయటికి తోశాం. ఎండ పడింది. తిన్నని గీతలు నిజంగానే పోయాయి. వాటితోపాటు నలుపు కూడా పోయింది. హుడ్ సగం నల్లగా, సగం పొగమంచు కమ్మినట్టు బూడిదరంగులో ఉంది. ఆ మంచులో మెషిన్ తిరిగిన చోటల్లా వంకర్లు తిరిగిన చారలు, మేం కదిలితే అవీ మాతో కదులుతున్నాయి. ముందు రోజు ఉన్నది జబ్బయితే ఇది వైద్యం వికటించడం. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఈసారి ఆయన నా పక్కనే కూర్చున్నారు. చివరికి ఆయనే, పొద్దున్నుంచి నువ్వేమీ తినలేదు, లే, పెరుగన్నమైనా తిందువుగాని అన్నారు. అంతవరకూ ఆయన నన్ను నువ్వు అన్నట్టు గుర్తులేదు. అసలు మాట చివర అమ్మా అనడమే తప్ప నన్ను ఏమనీ అనేవారు కాదు.

టార్చిలైటు సాయంత్రం వచ్చి చూసి గుండె పట్టుకున్నాడు. ఇక పాఠం మొదటినుంచి. కొన్ని కార్ల రంగు గట్టిగా ఉంటుంది అంకుల్, మీదేమో వెన్న అన్నాడు. ఈ వెన్నలాంటి నల్ల రంగుకు గరుకు ప్యాడ్ ఒక గాయం మాన్పి వంద గాయాలు చేస్తుంది. మెత్తటి ప్యాడ్ కావాలి, పల్చటి పాలిష్ కావాలి, అదీ శనగగింజంత. నొక్కకూడదు, మెషిన్ తన బరువుతో తనే పని చేసుకుంటుంది. ముందు అరచేతి మేర చేసి చూసుకుని, ఎండలో సరిపోయిందనుకుంటేనే మిగతాది. తుడిచే గుడ్డ కూడా మెత్తగా, కొత్తగా ఉండాలి, దుమ్ము ఉంటే తుడుపుకే గీతలు పడతాయి. అంచుల మీద టేపు అంటించాలి, ఎందుకంటే రంగు మీద ఉన్న ఆ పారదర్శకమైన పూత కాగితం కన్నా పల్చన, అంచుల్లో ఇంకా పల్చన, అరిగిపోతే ఇక పాలిష్ కాదు, కొత్తగా రంగు వేయించడమే. కాగితం కన్నా పల్చన అనేసరికి మామయ్యగారు చేతిలో మెషిన్ కింద పెట్టేసి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. నిన్న దాన్ని ఆయన ఎంత బలంగా తోమారో ఆయనకే తెలుసు.

టార్చిలైటు నల్లటి మెత్తటి ప్యాడ్ తగిలించి, హుడ్ మూల అరచేతి మేర, నెమ్మదిగా అటూ ఇటూ నడిపాడు. ఆల్కహాల్ కలిపిన నీళ్ళు చల్లి తుడిచాడు (పాలిష్‌లోని నూనె గీతల్ని కప్పి మోసం చేస్తుందట, నూనె పోతేనే నిజం తెలుస్తుందట). కొండ మీదికి వాలుతున్న ఎండలో ఆ అరచేతి మేర నలుపు ఎంత లోతుగా ఉందంటే, వంగి చూస్తే లోపలికి పడిపోతానేమో అనిపించింది. అందులో మా ముగ్గురి ముఖాలూ కనబడ్డాయి. మామయ్యగారు అలాగే వంగి చాలాసేపు తన ముఖం చూసుకున్నారు. తర్వాత లేచి, రేపు పొద్దున్న మొదలుపెడదామమ్మా, నువ్వు చెయ్యి, నేను తుడుస్తా అన్నారు.

ఆ తర్వాతి రెండు రోజులూ మా ఇంట్లో ఎవరైనా తొంగిచూసి ఉంటే ఇది ఏ కాపురమో అర్థమయ్యేది కాదు. బోర్లించిన బకెట్ల మీద మేమిద్దరం చెరో పక్కా. మొదట నేనే మెషిన్ పట్టాను, చేయి నొప్పెడితే ఆయన అందుకునేవారు. అందుకోగానే పాత అలవాటు మీదికొచ్చి భుజం బలమంతా పెట్టి నొక్కేవారు. నొక్కితే అది తిరగడం ఆపేసి వణికేది. నాకు ఓపిక చచ్చి, చెప్పేశాను.

"మీరు పోరగాళ్ళతోని డ్రిల్ చేయిస్తున్నట్టు నొక్కుతున్నరు మామయ్యా. చంటిపిల్లకు నూనె రాసినట్టు రాయాలె."

ఆయన ఆగి, నావంక చూసి, 'మీ ఊళ్ళో ఇట్టాగే మాట్లాడతారా' అని అడిగారు. అవునన్నాను. ఇన్నాళ్ళూ మరి ఎట్టా మాట్లాడావు అన్నారు. మీకు భయపడి అన్నాను. ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం. నాకా, నాకు భయపడేదేంది, నేనే నీతో ఏం మాట్లాడితే ఏం తప్పవుద్దో అని గమ్మునుంటున్నా అన్నారు. మా ఇంటికి వచ్చిన నెల రోజులుగా ఆ ఆరడుగుల మనిషి నాకు జడిసి నోరు మూసుకున్నారని, నేను ఆయనకు జడిసి నోరు మూసుకున్నానని, ఇద్దరం కలిసి ఆ ఇంటిని లైబ్రరీ చేశామని అప్పుడు తెలిసింది. ఆ వారంలో నేను హడలిపోయిన సందర్భాల్లో అది కూడా ఒకటి, కాకపోతే మంచిది.

ఇక అక్కడినుంచి నోళ్ళు ఆగలేదు. చంటిపిల్లకు నూనె రాసినట్టు రాయడం ఆయనకు నాకన్నా బాగా కుదిరింది, ఒకసారి పట్టు దొరికాక. ప్యాడ్ మార్చే టైమయిందని నేను, ఇంకో రౌండు ఆగుతుందని ఆయన. ఆ మూల ఇంకా గీత ఉందని ఆయన, అది మీ కళ్ళజోడు మీద గీత అని నేను. శుక్రవారం మధ్యాహ్నానికి డిక్కీ దగ్గర మూర మేర తప్ప కారంతా అయిపోయింది. అలసిపోయి నేను మిరపకాయ బజ్జీలు వేసుకొచ్చాను. మధ్యలో ఒకటే పళ్ళెం. ఉల్లిపాయ ముక్కలు లోపల కూరాలా, పైన చల్లాలా అన్నదాని మీద ఒంగోలుకూ కరీంనగర్‌కూ గట్టి గొడవ నడుస్తోంది. గరాజ్ తలుపు ముందు ఎవరో నిలబడ్డట్టు నీడ పడి తలెత్తి చూశాం.

మా ఆయన. చేతిలో సూట్‌కేసు. శనివారం రావాల్సిన మనిషి, పని ముందుగా తేలిపోయి, మమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా వచ్చేశాడు. నా చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు కారు వంక చూస్తాడనుకున్నాను. తను కారు చూడలేదు. టేపులు అంటించి, తలుపులు తెరిచి, చుట్టూ సీసాలూ గుడ్డలూ పరిచి, మధ్యలో నిలబెట్టిన తన ప్రాణప్రదమైన కారును వదిలేసి, బోర్లించిన బకెట్ల మీద ఒకే పళ్ళెంలో తింటూ పోట్లాడుకుంటున్న తన భార్యనూ తండ్రినీ చూస్తున్నాడు. చంద్రుడి మీద దిగినవాడిలా ఉంది ముఖం.

మామయ్యగారు లేచారు. చేతులు లుంగీకి తుడుచుకుని, స్కూల్లో జెండా ముందు నిలబడ్డట్టు అటెన్షన్‌లో నిలబడ్డారు. చెప్పకుండా దాచేద్దామన్నది మా మధ్య ఒప్పందం. మూడు రోజులనుంచి నేను అబద్ధాలు కూడా సిద్ధం చేసిపెట్టుకున్నాను. ఆయన వాటిలో ఒక్కటి కూడా వాడలేదు. నీ కారు నేను పాడుచేశాను రా, గిన్నెలు తోమేదాంతో తోమాను, ఈ పిల్లదాని తప్పేం లేదు, ఇది బాగుచేసింది అని ఒక్క గుక్కలో చెప్పేశారు. తర్వాత సైకిలు సంగతి కూడా చెప్పారు. ఆ సెలవులన్నీ నీకు సైకిలు ఇవ్వకపోవడం గుర్తొచ్చింది రా, ఈ వారమంతా అదే గుర్తొచ్చింది అన్నారు.

మా ఆయన సూట్‌కేసు కింద పెట్టాడు.

"ఏ సైకిలు? నాకు గుర్తులేదు నాన్నా," అన్నాడు.

మరీ త్వరగా అన్నాడు. అది నిజం కాదని నాకు తెలిసింది, మామయ్యగారికీ తెలిసింది, తెలిసిందని మా ఆయనకూ తెలిసింది. అప్పుడు తను కారు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు, నిలబడ్డాడు, వంగాడు, ఎండ వైపునుంచి చూశాడు. కొన్నప్పుడు కూడా ఇలా లేదు అన్నాడు. ఆ మాట పూర్తిగా నిజం కాబట్టి నేను బ్రష్షుల కార్ వాష్ ప్రస్తావన ఆ రోజుకి తేలేదు (తర్వాత అవసరానికి చాలాసార్లు తెచ్చాను). నేనూ ఒకసారి చూస్తా అంటూ తను మెషిన్ అందుకున్నాడు. అప్పుడే నిండుగా పాలిష్ పెట్టి ఉన్న ప్యాడ్ అది. వద్దని మేమిద్దరం ఒకేసారి లేచేలోపు గాల్లోనే స్విచ్ వేశాడు. క్లయింట్ దగ్గరికి వేసుకెళ్ళిన నీలం చొక్కా మీద చుక్కలు పడ్డాక కొడుకు ముఖం చూసి మామయ్యగారు నవ్వారు. అంత పెద్ద మనిషి నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ, నాన్న నవ్వడం చూడ్డానికి ఆ చుక్కల మధ్యనుంచే దారి చేసుకుంటున్నాడు.

మామయ్యగారు ఒంగోలు వెళ్ళిపోయేలోపు టార్చిలైటు కారుతో సహా మా స్నేహితుల కార్లు చాలానే మెరిశాయి. వారాంతాల్లో మా డ్రైవ్‌వేలో ఎవరో ఒకరు కారు ఆపుకుని, 'అంకుల్ ఉన్నారా' అంటూ వచ్చేవారు. ఆయన తెల్ల కార్లను చేతితో తాకేవారు కాదు. అందులో ఏం కనబడుద్దయ్యా అనేవారు.

ఇద్దరు పిల్లలు పుట్టాక మేము పెద్ద బండి తీసుకుని ఆ కారును ఒక చదువుకునే కుర్రాడికి ఇచ్చేశాం. మొన్నామధ్య గుడికి వెళ్తే పార్కింగ్‌లో అది కనబడింది. నంబరు చూడకముందే గుర్తుపట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండ నిటారుగా దానిమీద పడుతోంది. హుడ్ నిండా, తలుపుల నిండా, సాలెగూళ్ళ మీద సాలెగూళ్ళు. డిక్కీ మీద ఎవరో వేలితో దుమ్ములో ఏదో రాశారు కూడా. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి, అరచేతులు చల్లబడ్డాయి, ఆ కుర్రాడు కనబడితే నాలుగు మాటలు అడగాలని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. కాసేపు నిలబడేసరికి నవ్వొచ్చింది. ఒకప్పుడు దీన్ని చూసి మెట్టు మీద కూలబడిన అమ్మాయి గుర్తొచ్చింది. ముఖం నిండా తెల్లటి చుక్కలతో, మామగారిని ఏమని పిలిస్తే ఏం తప్పవుతుందోనని తడబడిన ఆ అమ్మాయి. ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని, ఇంత మెత్తటి మనుషుల మధ్య ఎందుకే అంత బిగుసుకుపోయావు అని అడగాలనిపించింది. అడిగినా హడలిపోతుంది, జవాబు చెప్పదు. వేడెక్కిన ఆ హుడ్ మీద ఒకసారి చేయి వేసి, గీత పడకుండా నెమ్మదిగా తీసుకుని, మా వాళ్ళు పిలుస్తుంటే గుడిలోకి నడిచాను.